ఎంక్యూ 9.2 నుంచి 9.4 కి వెళ్లేటప్పుడు: ఎల్‌టీఎస్ తీసుకోవాలా, సీడీ తీసుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్ నుంచి ఒక విదేశీ బ్యాంకు ప్రాజెక్టుకి ఐబీఎం ఎంక్యూ (అప్లికేషన్ల మధ్య మెసేజ్‌లు చేరవేసే సాఫ్ట్‌వేర్) చూస్తున్నారు. 14 క్యూ మేనేజర్లు (మెసేజ్ క్యూలని నడిపే సర్వర్ ప్రోగ్రామ్‌లు), అన్నీ రెడ్‌హ్యాట్ లినక్స్ మీద 9.2.0 ఎల్‌టీఎస్‌లో (లాంగ్ టర్మ్ సపోర్ట్, ఎక్కువకాలం సపోర్ట్ ఉండే రిలీజ్) ఉన్నాయి. క్లయింట్ వైపు ఆర్కిటెక్ట్‌గారికి నేటివ్ హెచ్‌ఏ (ఒకటి పడిపోయినా ఇంకోటి అందుకునే ఏర్పాటు) కావాలి, స్ట్రీమింగ్ క్యూలు (వచ్చిన మెసేజ్ కాపీ ఇంకో క్యూలో కూడా పడేవి) కావాలి, ఒక రీజియన్ నుంచి ఇంకో రీజియన్‌కి రెప్లికేషన్ కూడా కావాలి, అందుకని సీడీ (కంటిన్యువస్ డెలివరీ, కొత్త ఫీచర్లతో తరచూ వచ్చేది) రిలీజ్‌కి వెళ్దామంటున్నారు. మీ లీడ్ మాత్రం సీడీ అంటే బీటా లాంటిది, ప్రొడక్షన్‌లో వద్దే వద్దంటున్నారు. మధ్యలో మీరు టెన్షన్ పడుతున్నారు.

ముందు నా జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. పేమెంట్లు నడిచే క్యూ మేనేజర్లన్నిటినీ 9.4.0 ఎల్‌టీఎస్‌కి తీసుకెళ్లండి. రీజియన్ రెప్లికేషన్ నిజంగా అవసరమైన కంటైనర్ క్యూ మేనేజర్లు ఏవైనా ఉంటే వాటి మటుకు సీడీ పెట్టుకోండి. అదీ ఏడాదికి రెండు మూడుసార్లు అప్‌గ్రేడ్ విండో ఇస్తామని క్లయింట్ ముందే రాసిస్తేనే. అది రాసివ్వకపోతే ఎంత మంచి ఫీచర్ ఉన్నా సీడీ జోలికి వెళ్లకండి.

నేను ఎంక్యూ 5.3 రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను. ఈ ఎల్‌టీఎస్, సీడీ గొడవ అప్పట్లో లేదు. పెద్ద వెర్షన్ కొన్నేళ్లకోసారి వచ్చేది, 7.0 వచ్చింది 2008లో, 7.1 వచ్చింది 2011లో, 7.5 ఆ తర్వాతి ఏడాది, 8.0 వచ్చింది 2014లో. మధ్యలో ఫిక్స్ ప్యాక్‌లు. ఫిక్స్ ప్యాక్ అంటే రిపేర్లు మాత్రమే ఉంటాయని మనం అనుకునేవాళ్లం, కానీ కొత్త ఫీచర్లు కూడా కొన్ని అందులోనే వచ్చేవి. ఏఎంక్యూపీ అనే ప్రోటోకాల్‌తో కనెక్ట్ అయ్యే ఛానెళ్లు 8.0.0.4 ఫిక్స్ ప్యాక్‌తో వచ్చాయి. అంటే ఒక చిన్న రిపేర్ కోసం ఫిక్స్ ప్యాక్ వేసుకున్నవాడికి అడగని సరుకు కూడా చేతికొచ్చేది, కొత్త ఫీచర్ కావాల్సినవాడేమో తర్వాతి పెద్ద వెర్షన్ కోసం ఏళ్లు ఆగాలి. ఇద్దరికీ ఇబ్బందే.

2016లో 9.0 తో దీన్ని రెండు దారులుగా విడగొట్టారు. ఎల్‌టీఎస్ అంటే సుమారు రెండేళ్లకోసారి వచ్చే రిలీజ్. 9.0 తర్వాత 9.1 వచ్చింది 2018లో, 9.2 వచ్చింది 2020లో, 9.3 వచ్చింది 2022లో, 9.4 వచ్చింది 2024లో. దానికి కనీసం ఐదేళ్ల సపోర్ట్, ఆ ఐదేళ్లూ రిపేర్లు, సెక్యూరిటీ ప్యాచ్‌లు తప్ప కొత్త ఫీచర్ ఒక్కటి కూడా రాదు. సీడీ అంటే ఆ మధ్యలో వచ్చేవి. 9.3 నుంచి చూస్తే దాదాపు నాలుగు నెలలకోటి: 2022 అక్టోబర్‌లో 9.3.1, తర్వాత ఫిబ్రవరిలో 9.3.2, జూన్‌లో 9.3.3, అక్టోబర్‌లో 9.3.4, 2024 ఫిబ్రవరిలో 9.3.5. ఈ ఐదింటిలో పోగైన ఫీచర్లన్నీ, ఇంకొన్ని కొత్తవి కలిపి 2024 జూన్‌లో 9.4.0 ఎల్‌టీఎస్ అయింది.

ఇక్కడే మీ లీడ్‌గారి మాటకి జవాబు ఉంది. సీడీ బీటా కాదు. పూర్తి టెస్టింగ్ అయిన కోడ్, పూర్తి సపోర్ట్ ఉన్న కోడ్, ప్రొడక్షన్‌లో వాడటానికే ఇస్తారు. ఇవాళ సీడీలో ఉన్నదే రేపటి ఎల్‌టీఎస్. కోడ్ నాణ్యతలో తేడా ఉందనుకుని సీడీని వద్దంటే ఆ కారణం నిలబడదు. తేడా అంతా రిపేర్ మన చేతికి ఎలా వస్తుందన్న దాంట్లో ఉంది. ఎల్‌టీఎస్‌లో ఉన్నవాడు ఉన్నచోటే ఉండి ఫిక్స్ ప్యాక్ వేసుకుంటాడు. సీడీలో ఉన్నవాడికి మామూలుగా రిపేర్ వచ్చేది తర్వాతి సీడీలో, అంటే ముందుకు కదలాలి, కదిలినప్పుడల్లా కొత్త ఫీచర్లు కూడా వెంట వస్తాయి, వాటితో కలిపి టెస్ట్ చేసుకోవాలి. ఒక సీడీకి సపోర్ట్ 12 నెలలు, లేదా దాని తర్వాత ఇంకో రెండు సీడీలు వచ్చేదాకా, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఆ గడువు దాటితే ఆ వెర్షన్ మీద మీకు ప్యాచ్ రాదు.

అందుకే నేను ఎవరు అడిగినా ఫీచర్ల పట్టిక చూడకముందే ఒకటే అడుగుతాను: మీ టీమ్ పోయిన ఏడాది ప్రొడక్షన్ ఎంక్యూ మీద ఎన్నిసార్లు చెయ్యి వేసింది? ఒకసారి అంటే మీరు ఎల్‌టీఎస్ మనుషులు. మూడుసార్లు, అదీ పెద్ద హడావుడి లేకుండా చేయగలిగాం అంటే సీడీ మీకు పనికొస్తుంది. మన ఆఫ్‌షోర్ ప్రాజెక్టుల్లో క్యాలెండర్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. అమెరికా రిటైల్ క్లయింట్ అయితే నవంబర్ మధ్య నుంచి జనవరి దాకా చేంజ్ ఫ్రీజ్. ఇండియా బ్యాంకు అయితే మార్చి 31 చుట్టూ ఎవరూ దేన్నీ కదపనివ్వరు, ప్రతి నెలాఖరు, క్వార్టర్ ఎండ్ కూడా అంతే. వీటన్నిటినీ తీసేస్తే మిగిలే శనివారం రాత్రులు ఎన్ని? వాటిలో ఓఎస్ ప్యాచింగ్‌కి, డేటాబేస్ వాళ్లకి, నెట్‌వర్క్ వాళ్లకి పోగా ఎంక్యూకి దొరికేవి ఎన్ని? ఆ లెక్క కాగితం మీద వేయండి. ఆ లెక్కలోనే సగం జవాబు వచ్చేస్తుంది.

నేను చూసిన సంగతి ఒకటి చెప్తాను. ఒక బ్యాంకు ప్రాజెక్టు, పేరు వద్దు. 2019లో యూనిఫాం క్లస్టర్లు కొత్తగా వచ్చాయి, 9.1.2 తో. ఒకే రకం క్యూ మేనేజర్లు మూడు నాలుగు పెట్టుకుంటే అప్లికేషన్ కనెక్షన్లను అదే సమానంగా పంచుతుంది, ఒక క్యూ మేనేజర్ పడిపోతే అప్లికేషన్లు మిగతావాటి మీద సర్దుకుంటాయి, అది లేచాక మళ్లీ పంచుతుంది. అంతకుముందు ఇదంతా మేము స్క్రిప్టులతో, సీసీడీటీ ఫైళ్లతో (అప్లికేషన్ ఏ క్యూ మేనేజర్‌కి కనెక్ట్ అవ్వాలో రాసి ఉండేవి), ఫోన్ చేసి అప్లికేషన్ టీమ్‌ని రీస్టార్ట్ చేయమనడంతో నడిపేవాళ్లం. కాబట్టి ఆ ఫీచర్ మీద నాకు కూడా మోజు ఉంది, ఒప్పుకుంటాను. 9.1.3 సీడీ పెట్టాం. బాగా నడిచింది. ఎంత బాగా నడిచిందంటే దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 9.1.4 వచ్చింది, 9.1.5 వచ్చింది, 2020 జూలైలో 9.2.0 ఎల్‌టీఎస్ కూడా వచ్చింది. అప్పుడు ఎల్‌టీఎస్ మీదకి దిగిపోయి ఉంటే యూనిఫాం క్లస్టర్ చేతిలోనే ఉండేది, ఐదేళ్ల సపోర్ట్ కూడా ఉండేది. చేయలేదు. ప్రాజెక్ట్ మేనేజర్ మారారు, సీడీ అంటే ఏమిటో కొత్తవాళ్లకి ఎవరూ చెప్పలేదు, హ్యాండోవర్ డాక్యుమెంట్‌లో ఆ ముక్క లేదు. 2021లో సెక్యూరిటీ స్కాన్ రిపోర్ట్ వచ్చింది, మా సర్వర్లు మొదటి పేజీలోనే ఉన్నాయి. ప్యాచ్ వేద్దామంటే ఆ వెర్షన్‌కి ప్యాచ్ లేదు, వెర్షన్ మారడం ఒక్కటే దారి. ఆడిట్ వాళ్లు ఇచ్చింది 30 రోజులు. ఆ నెలంతా యూఏటీ (యూజర్ల టెస్టింగ్), రిగ్రెషన్ (పాత పనులు చెడలేదని చూసే టెస్టింగ్), డీఆర్ (డిజాస్టర్ రికవరీ) డ్రిల్ అన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుని చేశాం. చేయగలిగాం కానీ టీమ్‌లో ఇద్దరు ఆ నెలలో ఒక్క ఆదివారం కూడా ఇంట్లో లేరు. తప్పు సీడీది కాదు. సీడీ తీసుకుని ఎల్‌టీఎస్ లాగా వాడుకున్నాం, అది మా తప్పు.

దీనికి అటువైపు తప్పు కూడా అంతే మామూలు, నిజానికి ఇంకా ఎక్కువ చూస్తాను. ఎల్‌టీఎస్ తీసుకుంటారు, 9.2.0.0 వేస్తారు, ఐదేళ్ల సపోర్ట్ ఉంది కదా అని నాలుగేళ్లు ఒక్క ఫిక్స్ ప్యాక్ కూడా వేయరు. ఎల్‌టీఎస్‌లో ఉండటానికి కారణమే తక్కువ రిస్కుతో ప్యాచ్ వేసుకోగలగడం. ఆ ప్యాచే వేయకపోతే మీరు సపోర్ట్ లేని సీడీలో కూర్చున్నవాడికంటే ఏమంత మెరుగైన చోట లేరు. మీ 14 క్యూ మేనేజర్లలో ప్రతి దాని దగ్గరా వెర్షన్ చూపించే డీఎస్‌పీఎంక్యూవర్ కమాండ్ కొట్టి చూడండి, 9.2.0 పక్కన నాలుగో అంకె ఎంత ఉందో. ఒకే ప్రాజెక్టులో ఐదు రకాల అంకెలు కనబడటం నాకు కొత్త కాదు.

ఆ అంకెలు చదవడం కూడా చెప్పేస్తాను, ఇంటర్వ్యూల్లో పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు. నాలుగు అంకెల్లో మూడోది సున్నా అయితే అది ఎల్‌టీఎస్, సున్నా కాకపోతే సీడీ. అంతే. 9.4.0.10 ఎల్‌టీఎస్, 9.4.2.0 సీడీ. నాలుగో అంకె మెయింటెనెన్స్‌ది. 2023 నుంచి అందులో ఒక పద్ధతి పెట్టారు: ఎల్‌టీఎస్‌లో నాలుగో అంకె 5, 10, 15 లాగా ఐదు గుణకం అయితే అది మామూలు ఫిక్స్ ప్యాక్, మధ్యలో అంకెలు వస్తే అవి సీఎస్‌యూలు, అంటే సెక్యూరిటీ రిపేర్లు మాత్రమే ఉండే క్యుములేటివ్ అప్‌డేట్లు. ఇది చాలా పనికొచ్చే మార్పు. ఇంతకుముందు ఒక సెక్యూరిటీ లోపం కోసం ఫిక్స్ ప్యాక్ మొత్తం వేసి, దానిలోని మిగతా మార్పులన్నిటికీ రిగ్రెషన్ చేయాల్సి వచ్చేది. ఇప్పుడు సీఎస్‌యూ వేస్తే టెస్టింగ్ పరిధి చిన్నది, చేంజ్ బోర్డులో ఒప్పించడం కూడా సులువు. సీడీలకి కూడా సీఎస్‌యూలు వస్తాయి, కాకపోతే ఆ సీడీ గడువు ఉన్నంతవరకే.

అయితే సెక్యూరిటీ ప్యాచ్ కదా, ఏమీ కాదులే అని టెస్ట్ చేయకుండా వేయకండి. 2014లో పూడుల్ అనే ఎన్‌క్రిప్షన్ లోపం బయటపడ్డాక 8.0 ఫిక్స్ ప్యాక్‌లలో ఎస్‌ఎస్‌ఎల్‌వీ3 అనే పాత ప్రోటోకాల్‌నీ, బలహీనమైన సైఫర్‌స్పెక్‌లనీ (ఛానెల్ ఎన్‌క్రిప్షన్ పద్ధతులు) ఆపేశారు. అది చేయాల్సిన పనే. కానీ రిలీజ్ నోట్స్ చదవని టీముల్లో ఆదివారం తెల్లవారుజామున ఛానెళ్లు రీట్రైలో పడి ఉన్నాయి. అవతలి పార్టనర్ సంస్థ ఇంకా పాత సైఫర్‌తోనే వస్తుంటే మనం ఒక్కరం మారి లాభం లేదు.

ఇప్పుడు ఫీచర్ల సంగతి, ఆర్కిటెక్ట్‌గారు అడిగినవి. ఆయన అడిగిన మూడింటిలో రెండింటికి సీడీ అవసరమే లేదు, ఇది మీరు మీటింగ్‌లో మొదటి నిమిషంలోనే చెప్పాలి.

స్ట్రీమింగ్ క్యూలు 9.2.3 సీడీలో వచ్చాయి, 2021లో. మీరు 9.2 ఎల్‌టీఎస్‌లో ఉన్నారు కాబట్టి మీ దగ్గర లేవు. పేరులో 9.2 ఉంది కదా, మనకీ ఉండాలి కదా అని చాలామంది వెతుకుతారు, ఉండవు. 9.3.0 ఎల్‌టీఎస్ నుంచి ఉన్నాయి, 9.4.0 లో సరే సరి. ఇది నాకు చాలా ఇష్టమైన ఫీచర్, ఎందుకో చెప్తాను. కోర్ బ్యాంకింగ్ నుంచి వచ్చే మెసేజ్‌ల కాపీ ఫ్రాడ్ అనలిటిక్స్ వాళ్లకి కావాలి, లేదా కాఫ్కా అనే ఇంకో మెసేజింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి పంపాలి అనుకోండి. ఇదివరకు అప్లికేషన్‌ని మార్చి రెండు క్యూలకి పెట్టించాలి, లేదా మధ్యలో పబ్‌సబ్ (ఒక మెసేజ్‌ని చాలామందికి పంచే పద్ధతి) దూర్చాలి, లేదా ఎగ్జిట్ (ఎంక్యూ లోపలికి తగిలించే సొంత కోడ్) రాయాలి. కోబాల్ ప్రోగ్రామ్ రాసినాయన రిటైరై వెళ్లిపోయుంటాడు, దాన్ని ఎవరు ముట్టుకుంటారు? ఇప్పుడు అసలు క్యూ మీద ఒక ఆట్రిబ్యూట్ పెట్టి రెండో క్యూ పేరు ఇస్తే చాలు, వచ్చిన ప్రతి మెసేజ్ కాపీ అందులో పడుతుంది, అప్లికేషన్‌కి సంగతే తెలియదు. ఇక్కడ ఒకటి జాగ్రత్త. క్వాలిటీ ఆఫ్ సర్వీస్ రెండు రకాలు: మామూలుగా ఉండేది బెస్ట్ ఎఫర్ట్, అంటే కాపీ పడకపోయినా అసలు మెసేజ్ ఆగదు. రెండోది మస్ట్ డూప్, అంటే కాపీ పడితేనే అసలుది పడుతుంది. ఆడిట్ కోసం కదా అని రెండోది పెట్టి, కాపీ క్యూని చదివేవాడు లేక అది నిండిపోతే అసలు పేమెంట్ మెసేజ్‌లకే పుట్ ఫెయిల్ అవుతుంది. అనలిటిక్స్ కోసం పేమెంట్లు ఆపుకునే పని ఎవరూ చేయకూడదు. డెప్త్ (క్యూలో పేరుకున్న మెసేజ్‌ల సంఖ్య) మానిటరింగ్ లేకుండా మస్ట్ డూప్ వాడకండి.

నేటివ్ హెచ్‌ఏ కూడా 9.2.3 లోనే కంటైనర్ల కోసం వచ్చింది. మూడు ఇన్‌స్టెన్సులు, ఒక్కోదానికి సొంత స్టోరేజ్, ఒకటి పని చేస్తుంటే దాని లాగ్ మిగతా రెండింటికీ రెప్లికేట్ అవుతుంది, ఒకటి పోయినా మిగతా ఇద్దరి ఓటుతో ఇంకోటి లేస్తుంది. షేర్డ్ స్టోరేజ్ అక్కర్లేదు, షేర్డ్ స్టోరేజ్ మీద నడిచే మల్టీ ఇన్‌స్టెన్స్ క్యూ మేనేజర్లతో ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్) లాకుల బాధ పడినవాళ్లకి ఇది ఎంత ఊరటో తెలుస్తుంది. ఓపెన్‌షిఫ్ట్ (కంటైనర్లు నడిపే ప్లాట్‌ఫారం) మీద ఇదీ 9.4.0 ఎల్‌టీఎస్‌లో దొరుకుతుంది. మీవి ఇప్పుడు మామూలు లినక్స్ సర్వర్ల మీద ఉన్నాయన్నారు కాబట్టి, అక్కడే ఉండాలనుకుంటే ఆర్‌డీక్యూఎం (సర్వర్ల మధ్య డేటా రెప్లికేట్ చేసే హెచ్‌ఏ పద్ధతి) చూడండి. 9.0.4 లో వచ్చింది, మూడు నోడ్లు, కింద డిస్క్ డేటా కాపీ చేసే డీఆర్‌బీడీ, క్లస్టర్‌ని చూసుకునే పేస్‌మేకర్. ఏళ్ల తరబడి నిలబడిన పద్ధతి. దాంట్లో ఒకే ఒక్క ఇబ్బంది: డీఆర్‌బీడీ అనేది కెర్నల్ మాడ్యూల్, అది మీ రెడ్‌హ్యాట్ కెర్నల్ వెర్షన్‌కి సరిపోవాలి. లినక్స్ టీమ్ వాళ్లు నెలవారీ ప్యాచింగ్‌లో కెర్నల్ మార్చేసి మీకు చెప్పకపోతే రీబూట్ అయ్యాక ఆ నోడ్‌లో ఆర్‌డీక్యూఎం లేవదు. ఆర్‌డీక్యూఎం పెట్టే ముందు లినక్స్ టీమ్‌తో కూర్చుని ఈ ఒక్క విషయం రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఇక మూడోది, రీజియన్ల మధ్య నేటివ్ హెచ్‌ఏ రెప్లికేషన్. ఇది 9.4.2 సీడీతో వచ్చింది, 2025 ఫిబ్రవరిలో. 9.4.0 ఎల్‌టీఎస్‌లో లేదు, ఏ ఫిక్స్ ప్యాక్‌లోనూ రాదు. కాబట్టి ఆర్కిటెక్ట్‌గారి మాటలో నిజం ఉన్నది ఈ ఒక్క చోటే. ఆయన్ని అడగండి, ఎన్ని క్యూ మేనేజర్లకి కావాలి, డీఆర్‌లో ఎన్ని నిమిషాల డేటా పోయినా ఫర్వాలేదని బిజినెస్ చెప్పింది, ఇప్పుడున్న డీఆర్ పద్ధతి దేన్లో తక్కువైంది అని. చాలాసార్లు 14 లో రెండింటికే కావాల్సి వస్తుంది. అప్పుడు ఆ రెండూ సీడీలో, మిగతా 12 ఎల్‌టీఎస్‌లో. ఒకే నెట్‌వర్క్‌లో రెండు రకాలూ కలిసి ఉండొచ్చు, ఛానెళ్లు మాట్లాడుకుంటాయి, క్లస్టర్‌లో కూడా ఉండొచ్చు. ప్రాజెక్ట్ మొత్తానికి ఒకే దారి ఎంచుకోవాలన్న రూల్ ఎక్కడా లేదు. కాకపోతే సీడీలో ఉన్న ఆ రెండింటికీ ఒక పేరున్న ఓనర్ ఉండాలి, క్యాలెండర్‌లో నాలుగు నెలలకోసారి తేదీ ఉండాలి, తర్వాతి ఎల్‌టీఎస్ వచ్చిన రోజు దాని మీదకి దిగుదామా అన్న చర్చ తప్పకుండా జరగాలి.

లైసెన్స్ గురించి కూడా ఇప్పుడే అడగండి. ఆర్‌డీక్యూఎం, నేటివ్ హెచ్‌ఏ, మెసేజ్‌లని ఎన్‌క్రిప్ట్ చేసే ఏఎంఎస్, ఇవన్నీ ఎంక్యూ అడ్వాన్స్‌డ్ లైసెన్స్‌తోనే. బేస్ లైసెన్స్ మాత్రమే ఉన్న క్లయింట్‌కి డిజైన్ అంతా గీసి, పైలట్ కూడా చేసి, చివర్లో ప్రొక్యూర్‌మెంట్ దగ్గర ఆగిపోయిన ప్రాజెక్టులు చూశాను. అలాగే కంటైనర్లలో ఆపరేటర్ అనే ప్రోగ్రామ్‌తో (ఎంక్యూని అక్కడ పెట్టి చూసుకునేది) వాడే ఇమేజ్‌లకి సపోర్ట్ గడువులు వేరేగా ఉంటాయి. సర్వర్ మీద వేసిన ఎల్‌టీఎస్ ఐదేళ్ల లెక్కని వాటికి అంటగట్టకండి, ఆపరేటర్ వెర్షన్‌కి రాసి ఉన్న గడువే చూడండి.

ఇంకో సంగతి, ఇది మీ ప్రశ్నలో లేదు కానీ ఖచ్చితంగా ముందు ముందు వస్తుంది. జావా టీమ్ వచ్చి మేము స్ప్రింగ్ బూట్ 3 అనే జావా ఫ్రేమ్‌వర్క్‌కి వెళ్తున్నాం, జకార్తా (జేఎంఎస్ అనే జావా మెసేజింగ్ పద్ధతికి కొత్త రూపం) కావాలి, కాబట్టి మీరు క్యూ మేనేజర్ అప్‌గ్రేడ్ చేయాలి అంటారు. కంగారు పడకండి. ఎంక్యూ 9.3.0 నుంచి జకార్తా మెసేజింగ్ 3.0 క్లయింట్ జార్ వేరేగా ఇస్తున్నారు, పాత జేఎంఎస్ 2.0 జార్ కూడా ఉంది, రెండూ ఒకే అప్లికేషన్‌లో కలపకూడదు, అంతే. ఆ జార్ మేవెన్ సెంట్రల్‌లోనే దొరుకుతుంది. ఇక్కడ క్లయింట్ అంటే బ్యాంకు కాదు, అప్లికేషన్ వైపు ఉండే ఎంక్యూ లైబ్రరీ; అది కొత్తది, క్యూ మేనేజర్ పాతది అయినా కనెక్ట్ అవుతాయి, కొత్త క్యూ మేనేజర్‌కి పాత క్లయింట్ కూడా కనెక్ట్ అవుతుంది, రెండిట్లో పాతదానికి ఏ ఫీచర్లు ఉంటే అవి పనిచేస్తాయి. క్లయింట్ అప్‌గ్రేడ్‌నీ సర్వర్ అప్‌గ్రేడ్‌నీ విడదీసి ప్లాన్ చేస్తే మీ పని సగం తేలికవుతుంది. మన టీముల్లో ఎక్కువ గొడవలు ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వస్తాయి.

ఇప్పుడు అప్‌గ్రేడ్ రోజు గురించి. ఇక్కడ నేను కాస్త ఎక్కువే చెప్తాను, దయచేసి ఓపిగ్గా చదవండి.

ఫిక్స్ ప్యాక్ వేస్తే నచ్చకపోతే తీసేయొచ్చు, పాత స్థాయికి వెనక్కి వస్తుంది. వెర్షన్ మారితే రాదు. 9.4 బైనరీలతో క్యూ మేనేజర్‌ని ఒక్కసారి స్టార్ట్ చేశారంటే దాని కమాండ్ లెవెల్ (క్యూ మేనేజర్ వెర్షన్ స్థాయి) పెరుగుతుంది, లినక్స్‌లో అది మళ్లీ 9.2 తో లేవదు. ఒక సీడీ నుంచి ఇంకో సీడీకి వెళ్లినా అంతే. సీడీలో ఉన్నవాళ్లు ఏడాదికి మూడుసార్లు ఈ వెనక్కి రాలేని గడప దాటుతుంటారు, అది గుర్తుపెట్టుకోండి. వెనక్కి రావాలంటే అప్‌గ్రేడ్‌కి ముందు క్యూ మేనేజర్ ఆపి తీసిన బ్యాకప్ ఒక్కటే దారి. ఆ బ్యాకప్ కూడా కొత్త ట్రాఫిక్ రాకముందు అయితేనే పనికొస్తుంది. ఆదివారం ఉదయం ట్రాఫిక్ వదిలేసి, మధ్యాహ్నం ఏదో సమస్య వచ్చి శనివారం రాత్రి బ్యాకప్ పెట్టారనుకోండి, అప్పటికే ప్రాసెస్ అయిపోయిన పర్సిస్టెంట్ (డిస్క్ మీద భద్రంగా ఉండే) మెసేజ్‌లు క్యూలో మళ్లీ ప్రత్యక్షమవుతాయి, కొత్తగా వచ్చినవి మాయమవుతాయి. పేమెంట్ల సిస్టమ్‌లో అంటే ఒకే డబ్బు రెండుసార్లు వెళ్లొచ్చు. కాబట్టి వెనక్కి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం ట్రాఫిక్ వదలకముందే తీసుకోవాలి, దానికి ఒక గంట విడిగా ఉంచాలి, ఆ గంటలో అప్లికేషన్ టీమ్ టెస్ట్ మెసేజ్‌లతో కాల్‌లో ఉండాలి.

9.4 ని పాతదాని పక్కనే వేరే డైరెక్టరీలో ముందు రోజుల్లోనే ఇన్‌స్టాల్ చేసి పెట్టుకోండి. అప్పుడు ఆ రాత్రి చేయాల్సింది క్యూ మేనేజర్ ఆపడం, బ్యాకప్, సెట్ఎంక్యూఎం కమాండ్‌తో కొత్త ఇన్‌స్టలేషన్‌కి మార్చడం, స్టార్ట్ చేయడం మాత్రమే. క్లస్టర్ ఉంటే ఫుల్ రిపాజిటరీలని (క్లస్టర్ సమాచారం మొత్తం దాచే క్యూ మేనేజర్లు) ముందు, మిగతావాటిని తర్వాత. డీఎంపీఎంక్యూసీఎఫ్‌జీ కమాండ్‌తో కాన్ఫిగరేషన్ డంప్ ఎలాగూ తీస్తారు, దాన్ని అదే సర్వర్‌లో వదలకుండా బయట పెట్టండి.

9.4 కి వెళ్లేవాళ్లని పట్టుకునేవి ఇంకో మూడు ఉన్నాయి. సర్టిఫికెట్ల కోసం వాడే రన్ఎంక్యూసీకేఎం, గ్రాఫికల్‌గా వచ్చే ఎస్‌టీఆర్‌ఎంక్యూఐకేఎం రెండూ 9.4.0 లో తీసేశారు. మీ సర్టిఫికెట్ రెన్యువల్ స్క్రిప్టుల్లో వాటి పేర్లు ఉంటే ఇప్పుడే మార్చండి, సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయ్యే రోజు తెలుసుకోవద్దు. రెండోది, 9.2 నుంచి కొత్తగా క్రియేట్ చేసిన క్యూ మేనేజర్లలో టీఎల్‌ఎస్ 1.3 (ఎన్‌క్రిప్షన్ ప్రోటోకాల్) ఆన్ అయి వస్తుంది, కానీ పాత వెర్షన్‌లో పుట్టి అప్‌గ్రేడ్ అవుతూ వచ్చిన వాటిలో రాదు, క్యూఎం.ఐఎన్‌ఐ అనే కాన్ఫిగరేషన్ ఫైల్‌లో మనం చేర్చాలి. అందుకే ఒకే వెర్షన్‌లో ఉన్న రెండు క్యూ మేనేజర్లు ఒకే క్లయింట్‌తో రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి, దాని మీద రాత్రంతా వెతుక్కున్నవాళ్లు ఉన్నారు. ఛానెళ్లలో ఒక ప్రత్యేక సైఫర్‌కి కట్టేయకుండా టీఎల్‌ఎస్ 1.2 లేదా అంతకు పైది ఏదైనా సరే అనే అలియాస్ సైఫర్‌స్పెక్ వాడితే ముందు ముందు ఈ బాధ తగ్గుతుంది. మూడోది ఎంక్యూది కాదు, కింద ఉన్న ఓఎస్‌ది. మీలో ఏ సర్వర్ అయినా ఇంకా రెడ్‌హ్యాట్ 7 మీద ఉంటే దాని మామూలు మెయింటెనెన్స్ 2024 జూన్ 30 తో అయిపోయింది. ఎంక్యూ కంటే ముందు దాని పని చూడాలి, అంటే అక్కడ అప్‌గ్రేడ్ కాదు, కొత్త సర్వర్‌కి మైగ్రేషన్ చేయాలి, ప్లాన్ మొత్తం మారుతుంది.

మెయిన్‌ఫ్రేమ్ ఉందో లేదో మీరు చెప్పలేదు. ఉంటే జెడ్ఓఎస్ (మెయిన్‌ఫ్రేమ్ ఓఎస్) వైపు వెనక్కి రావడం రూల్స్ వేరు, ఎల్‌టీఎస్ నుంచి ఎల్‌టీఎస్‌కి వెళ్లినప్పుడు వెనక్కి వచ్చే దారి ఉంటుంది, సీడీకి వెళ్తే ఉండదు. ఐబీఎం ఐ (ఐబీఎం వాళ్ల ఇంకో ఓఎస్) మీద ఏమైనా ఉంటే అక్కడ ఎల్‌టీఎస్ ఒక్కటే ఇస్తారు, చర్చే లేదు.

క్లయింట్ వాళ్లు ఇంత తలనొప్పి ఎందుకు, కాఫ్కాకో రాబిట్‌ఎంక్యూకో వెళ్దాం అంటే వాళ్లకి ఒక మాట చెప్పండి. వాటి బలాలు వాటికి ఉన్నాయి, నేను రెండూ వాడాను. కానీ రిలీజ్ వెంట పరిగెత్తే పని అక్కడ ఇంకా ఎక్కువ. కాఫ్కా 4.0 లో, 2025 మార్చిలో, క్లస్టర్‌ని సమన్వయం చేసే జూకీపర్‌ని పూర్తిగా తీసేశారు, పాత క్లస్టర్లు ముందు 3.9 లాంటి వెర్షన్‌లో క్రాఫ్ట్ మోడ్‌కి (జూకీపర్ లేకుండా నడిచే పద్ధతి) మారి తర్వాతే 4.0 కి రావాలి. రాబిట్‌ఎంక్యూ 4.0 లో, 2024లో, వేరే నోడ్లలో కాపీలు ఉంచే మిర్రర్డ్ క్లాసిక్ క్యూలు తీసేశారు, హెచ్‌ఏ కావాలంటే కోరమ్ క్యూలకి (నోడ్ల ఓటుతో నడిచేవి) మారాలి, ఆ మార్పు అప్లికేషన్ దాకా వస్తుంది. మంచి మార్పులే రెండూ. అప్‌గ్రేడ్ చేయడానికి టైమ్ ఇవ్వని క్లయింట్‌కి మాత్రం ఏ ప్రోడక్ట్ ఇచ్చినా అదే కథ.

మీరు రేపు మీటింగ్‌కి వెళ్లేముందు 14 క్యూ మేనేజర్లకి ఒక షీట్ చేయండి: పేరు, డీఎస్‌పీఎంక్యూవర్ చూపించిన నాలుగు అంకెలు, ఓఎస్ వెర్షన్, లైసెన్స్ రకం, చివరిసారి ప్యాచ్ వేసిన తేదీ, ఆ తర్వాత దొరికిన డౌన్‌టైమ్ విండోలు. ఆర్కిటెక్ట్‌గారికి ఏ ఫీచర్ ఏ క్యూ మేనేజర్ మీద కావాలో ఆ షీట్‌లోనే రాయమనండి. క్లయింట్ పేరు, సర్వర్ పేర్లు తీసేసి ఇక్కడ పెడితే, క్లస్టర్ ఎలా ఉందో కూడా చెప్తే, ఏది ముందు మార్చాలో వరుస నేను చూసి రాస్తాను.